బొమ్మా అక్షరమూ కలిసిన చోటు

గ్రాఫిక్ డిజైన్ చరిత్రను గుహల్లోని బొమ్మలతో మొదలుపెట్టే పుస్తకాలు చాలా ఉన్నాయి. అసలు కథ మాత్రం ఒక రాతి పలక దగ్గర మొదలవుతుంది. బవేరియాకు చెందిన అలోయిస్ సెనెఫెల్డర్ 1796లో లిథోగ్రఫీ, అంటే రాతి అచ్చు, కనిపెట్టాడు. నూనె, నీరు కలవవన్నదే దానికి ఆధారం. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా రోలర్ దొర్లిస్తారు. తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు గీత మీదే పట్టుకుంటుంది. అంతకుముందు అచ్చాఫీసులో అక్షరమంటే సీసపు టైపు, బొమ్మంటే విడిగా చెక్కిన దిమ్మె. రెండూ పక్కపక్కన కూర్చునేవి తప్ప కలిసేవి కావు. రాతి మీదైతే బొమ్మ గీసిన చెయ్యే అక్షరమూ రాస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఉద్యమాలన్నీ ఈ రెండింటి పొత్తు ఎలా కుదిరిందో, ఎక్కడ చెడిందో చెప్పేవే.

ఈ వెసులుబాటును వీధిలోకి తెచ్చినవాడు జూల్ షెరే. లండన్‌లో పని నేర్చుకుని, 1866లో పారిస్‌లో ప్రెస్ పెట్టి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడుతూ వెయ్యికి పైగా పోస్టర్లు వేశాడు. 1881 నాటి ఫ్రెంచి పత్రికా స్వేచ్ఛ చట్టం గోడల మీద కాగితాలు అతికించడం మీదున్న ఆంక్షలను సడలించడంతో నగరం పోస్టర్లతో నిండిపోయింది.

ఆ గోడల మీద 1891లో టూలూజ్ లోట్రెక్ వేసిన మూలాన్ రూజ్ నాట్యశాల పోస్టర్ కనిపించింది. ముందువైపు నాట్యగాడు బూడిదరంగు నీడలా నిలబడి ఉంటాడు. మధ్యలో నర్తకి లా గులూ కాలు ఎత్తి తెల్లటి లంగా ఎగరేస్తూ ఆడుతుంటుంది. వెనక ప్రేక్షకులంతా కలిసి ఒకే నల్లటి ముద్ద. రంగుల్లో వెలుగునీడల మెలికలు లేవు. జపాన్ చెక్క అచ్చు బొమ్మల దగ్గర యూరప్ చిత్రకారులు నేర్చుకున్న పద్ధతి ఇది. పైన నాట్యశాల పేరు మూడు వరసల్లో ఉంటుంది, మూడింటికీ కలిపి ఒకటే పెద్ద ‘ఎం’. అక్షరాన్ని ఇంత ధైర్యంగా బొమ్మలో భాగం చేసిన పోస్టర్ అంతకుముందు అరుదు.

1895 కొత్త సంవత్సరం నాడు నటి సారా బెర్నార్ నాటకం కోసం అల్ఫోన్స్ ముహా వేసిన ‘జిస్మొండా’ పోస్టర్‌తో ఆర్ట్ నూవో అనే శైలి తీగల సోయగం వీధికెక్కింది. కొద్ది ఏళ్లకే ఆ అలంకారం మొహం మొత్తింది. 1906 ప్రాంతంలో బెర్లిన్‌లో లూసియన్ బెర్న్‌హార్ట్ ప్రీస్టర్ అగ్గిపుల్లల కోసం వేసిన పోస్టర్‌లో రెండు పుల్లలు, కంపెనీ పేరు తప్ప ఇంకేమీ లేవు. ఇవాళ్టి ప్రకటనకు అసలు పూర్వీకుడు ముహా కాదు, బెర్న్‌హార్టే.

రష్యా విప్లవం తర్వాత బొమ్మ గీయడమే మారిపోయింది. ఎల్ లిసిట్‌స్కీ అంతర్యుద్ధ కాలపు పోస్టర్‌లో ఎర్ర త్రిభుజం తెల్లటి వృత్తంలోకి దూసుకుపోతుంది. సైనికుడు లేడు, తుపాకి లేదు, యుద్ధం మాత్రం ఉంది. 1924లో రోద్‌చెంకో పుస్తకాల ప్రచారం కోసం తలకు రుమాలు కట్టుకుని కేకేస్తున్న లిల్యా బ్రిక్ ఫొటోను తీసుకున్నాడు. ‘పుస్తకాలు’ అన్న రష్యన్ మాట ఆమె నోటి దగ్గర చిన్నగా మొదలై, బయటికి వస్తున్నకొద్దీ పెద్దదవుతుంది. చదవాల్సిన మాట చెవిన పడుతున్నట్టు ఉంటుంది. కన్‌స్ట్రక్టివిజం అనే ఈ ధోరణి నుంచి అప్పు తీసుకోని దశాబ్దం తర్వాత ఒక్కటీ లేదు.

జర్మనీలో 1919లో వైమార్‌లో పుట్టిన డిజైన్ బడి బావ్‌హౌస్ 1925లో దెస్సావుకు మారింది. ఒకే శబ్దానికి పెద్దక్షరం, చిన్నక్షరం రెండెందుకని హెర్బర్ట్ బేయర్ అక్కడ చిన్నక్షరాలతోనే ఒక లిపి గీశాడు. ఆ తేడాయే లేని లిపిలో చదువుకున్న తెలుగువాళ్లకు ఈ వాదన తేలిగ్గానే ఎక్కుతుంది. యాన్ చిహోల్డ్ 1928లో రాసిన పుస్తకం ఈ కొత్త పద్ధతులను మామూలు ప్రెస్ కార్మికుడి దాకా చేర్చింది. 1933లో నాజీల హయాంలో బావ్‌హౌస్ మూతపడింది, చిహోల్డ్ అరెస్టయి, విడుదలయ్యాక స్విట్జర్లాండ్ చేరాడు. తన సిద్ధాంతంలోని మొండితనాన్ని తర్వాత తానే విమర్శించి, 1947 నుంచి రెండేళ్లు పెంగ్విన్ పుస్తకాలను నిరాడంబరంగా, అందంగా తీర్చాడు. ఆ మార్పు ఆయన గొప్పతనమే.

యుద్ధం తర్వాత స్విస్ డిజైనర్లు పేజీని గళ్లుగా విభజించి, ప్రతి అంశాన్నీ ఆ గ్రిడ్‌లో కూర్చోబెట్టారు. జ్యూరిక్ సంగీత కచేరీలకు జోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ వేసిన పోస్టర్లలో ఆ లెక్క లయగా మారింది. 1957లో మాక్స్ మీడింగర్ గీసిన టైపు 1960లో హెల్వెటికా పేరుతో ప్రపంచమంతా తిరిగింది. లాటిన్ లిపి కొలతలతో పుట్టిన గ్రిడ్ తెలుగు పేజీకి ఉన్నదున్నట్టు సరిపోదు. పైన గుడులకూ కింద వత్తులకూ చోటివ్వాలంటే వరసల మధ్య ఎడం పెంచాల్సిందే.

ఆ క్రమశిక్షణ మీద తిరుగుబాటు 1960ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. వెస్ విల్సన్ పాత వియన్నా చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ అక్షరాలను తీసుకుని, మంటల్లా సాగదీసి కచేరీ పోస్టర్లు నింపాడు. వాటిని కూడబలుక్కుని చదవాలి, ఆయనకు కావలసిందీ అదే. బాసెల్‌లో వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్ గ్రిడ్‌ను నేర్పే చోటే దాన్ని విరగ్గొట్టాడు.

1984లో మెకింటోష్ కంప్యూటర్ వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో మొదలైన ‘ఎమిగ్రె’ పత్రిక కోసం జుజానా లిచ్కో తెర మీది ముతక చుక్కలనే అందంగా మలిచి ఫాంట్లు చేసింది. కొద్దిపాటి టైపులు చాలని నమ్మిన మాసిమో విన్యెల్లి ఆ పనిని బాహాటంగా చెత్త అన్నాడు. 1996లో లిచ్కో బొడోనీ టైపు ఆధారంగా ఫిలోసోఫియా తెచ్చినప్పుడు, దాని ప్రకటన పోస్టర్ వేసింది ఆయనే.