అనువాదకుని పక్కన కూర్చున్నవారు

సచిన్ పొరుగున ఉన్న సూరత్‌లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీలు 1820ల తొలి ఏళ్లలో గుజరాతీ బైబిలును వెలువరించారు. చరిత్రకారులు సాధారణంగా ఆ రెండు పేర్ల వద్దే ఆగుతారు. ఇది సరికాదు. ఆ భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవారికి నేర్పినవారూ ఉండి తీరాలి.

అదే సంస్థ విశాఖపట్నంలో చేసిన కృషి ఈ లోపాన్ని బయటపెడుతుంది. జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్‌లతో కలిసి పనిచేసిన ఆనందరాయర్ పేరు నిలిచింది. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

నేటి తెలుగు బైబిలులో ‘బాప్తిస్మము’ గ్రీకు శబ్దాన్ని నిలుపుకొంది. ‘మారుమనస్సు’ అర్థాన్ని ఎంచుకుంది. పలు తరాల దిద్దుబాట్లతో రూపొందిన పాఠాన్ని ఏకకర్తృకంగా చదివితే ఇటువంటి ఎంపికల వెనుకనున్న చర్చ వినిపించదు. ‘ప్రజ్ఞ’ను అనువదించాలా, శబ్దంగానే ఉంచాలా అన్న చీనా బౌద్ధుల సంకటమూ ఇదే. అయితే చాంగాన్‌లో కుమారజీవుని మహాప్రజ్ఞాపారమితా అనువాదానికి శిష్యుడు సెంగ్‌రుయి రాసిన పీఠిక, మూలాన్ని కుమారజీవుడు చేతబట్టగా పాత అనువాదాన్ని పట్టుకుని సరిచూసినవాడు సాక్షాత్తు రాజు యావో శింగ్ అని నమోదు చేసింది.