పాత ఛాయాచిత్రములలో యుద్ధవిమానములు: గుర్తింపు పద్ధతిని గూర్చి ఒక విమర్శ

శాసనమును పరిష్కరించు పండితుడు మొదట రాతిని చూచును. దానిని గూర్చి ఊరివారు చెప్పుకొను కథను తరువాత వినును. పాత ఛాయాచిత్రములలోని యుద్ధవిమానములను గుర్తించు పనిలో ఈ క్రమము తలక్రిందులైనది. చిత్రము క్రింద ఎవరో ఎప్పుడో వ్రాసిన పేరును ముందు చదివి, ఆ పేరునకు తగినట్లు చిత్రమును చూచుట పరిపాటియైనది. ఛాయాచిత్రము అబద్ధమాడదని లోకులందురు. అది నిజమే కావచ్చును గాని, దాని క్రింది వ్రాత అబద్ధమాడుటకు అడ్డేమియు లేదు. తెలుగు దేశముతో సంబంధము గల కొన్ని ఘట్టములను ఆధారముగా గొని ఈ విషయమును విచారింతము.

మొదటి ప్రపంచయుద్ధము చివర, 1918లో, బ్రిటిషు వాయుసేనలో 110వ దళమునకు హైదరాబాదు దళమని పేరు వచ్చినది. దాని విమానములు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన కానుక. ఒక్కొక్క విమానముపై దాత పేరును, హైదరాబాదు అను పదమును, ఒక వరుస సంఖ్యయు వ్రాయబడినవి. ఇది విమానముపై వ్రాసిన దానశాసనమే. అయితే దానశాసనమును చదువుటలో నొక మెలకువ కలదు. ఆ యుద్ధకాలమున కానుక విమానము కూలినచో, దాత పేరును దాని స్థానమున వచ్చిన వేఱొక విమానముపై వ్రాయు ఆచారముండెను. కనుక ఆ వ్రాత దానమును నిరూపించునే గాని, చిత్రములోని విమానము ఫలానిదేయని నిరూపింపదు. అందులకు సేనవారు వేసిన క్రమసంఖ్య చూడవలెను. ఈ దళమునకు చెందిన ఎఫ్ 1010 అను విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనుల చేజిక్కి, తరువాత బెర్లినులో ప్రదర్శింపబడి, రెండవ యుద్ధకాలమున పోలండు చేరి, 1977లో బ్రిటనుకు తిరిగి వచ్చినది. ఇన్ని చేతులు మారినను దాని గుర్తింపు చెడకుండుటకు ఆ సంఖ్య పెద్ద ఆధారము.

సంఖ్య కనబడని చిత్రములలో నేమి చేయవలెను? హైదరాబాదు దళమువారివి డి హావిలాండ్ 9-ఏ రకపు విమానములు. వీనికి అన్నదమ్ములవంటివి డి హావిలాండ్ 4, 9 రకములు. తొమ్మిదవ రకమునకు ఇంజను సిలిండర్లు పైకి పొడుచుకొని వచ్చియుండును. రేడియేటరు కడుపు క్రింద వ్రేలాడును. 9-ఏ రకమునకు ముక్కుపై మోటారుకారునకువలె పెద్ద చదునైన రేడియేటరుండును. ఇంతవరకు సులభమే. కాని అమెరికావారు చేసిన నాల్గవ రకమునకును అటువంటి రేడియేటరే యుండెను. అప్పుడు చోదకుని ఆసనము చూడవలెను. నాల్గవ రకమున చోదకుడు పైరెక్క క్రిందను, తుపాకివాడు చాల వెనుకను కూర్చుండగా నడుమ పెట్రోలు తొట్టి యుండెను. 9-ఏలో ఇరువురును దగ్గరగా నుందురు. యుద్ధానంతరము అమెరికావారు తమ నాల్గవ రకమును మార్చి ఆ దూరమును కూడ తగ్గించిరి! కావున ఏ యొక్క లక్షణమును ఒంటరి సాక్షిగా నమ్మరాదు.

రెండవ ప్రపంచయుద్ధమున సైనికులకు రెక్కలు, ఇంజను, కాయము, తోక అను వరుసను నేర్పిరి. ఇప్పటికిని చాలమంది దీనినే ప్రమాణముగా గొందురు. ఇది ఆకసమున క్షణకాలము కనబడిన విమానమును పోల్చుకొనుటకు పుట్టిన పద్ధతి. మన యిండ్లలోని చిత్రములలో విమానము నేలపై నుండును. దాని ముందు పదిమంది నిలుచుందురు. తోక చిత్రపు అంచున తెగిపోవును. అట్టి చోట్ల చిన్న గుర్తులే శరణ్యము. 1944లో ఇంఫాలు వద్ద అర్జన్ సింగు నాయకత్వమున పోరాడిన భారత వాయుసేన ఒకటవ దళమువారివి హరికేను విమానములు. హరికేను వెనుక కాయము గుడ్డతో కప్పబడినది. గుడ్డ క్రింది కమ్ములు పొడవునా గీతలవలె తేలియుండును. స్పిట్‌ఫైరు కాయము నున్నని లోహము. ఒక్క మూర మేర కనబడినను చాలును. స్పిట్‌ఫైరునకు కీర్తి హెచ్చు. అందుచే హరికేనుల కష్టమును గూడ దాని ఖాతాలో వ్రాయుచున్నారు.

రంగుల విషయము మఱింత చిక్కు. పూర్వపు ఫిల్ములలో ఆర్థోక్రొమాటిక్ అనునది ఎఱుపును గ్రహింపజాలదు. ఎఱుపు నల్లగా పడును, నీలము తెల్లబారును, పసుపు ముదురుగా కనబడును. పసుపుపచ్చని శిక్షణ విమానమును నల్లనిదని వర్ణించువారు ఫిల్ము గుణమును విమానమున కంటగట్టుచున్నారు. భారత వాయుసేన వలయచిహ్నము నడుమ మొదట ఎఱుపు వృత్తముండెను. జపానువారి సూర్యచిహ్నమని పొరబడకుండుటకు, జపానుతో యుద్ధము సాగుచుండగా, దానిని తొలగించిరి. స్వాతంత్ర్యానంతరము అశోకచక్రమును, 1950 నుండి మూడు రంగుల వలయమును వచ్చినవి. చిత్రపు కాలనిర్ణయమునకు ఇది చక్కని సాధనము. అయితే ఫిల్ము ఎట్టిదో విచారింపక నడిమి చుక్క నలుపు తెలుపులనుబట్టి తీర్పు చెప్పుట సాహసము.

ఇక మనవారిని మిక్కిలి బాధించిన ఘట్టము. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. కాకినాడ యానామువారికి పొరుగూరు. ఈ విమానములు ఓజావా దళములోని ర్యూజో అను నౌకనుండి వచ్చినవి. ముందునాడు కొలంబోను, 9వ తేదీన ట్రింకోమలీని కొట్టిన నగుమో నౌకాదళము వేఱు. ర్యూజోపై బాంబులు మోయుటకుండినవి నకజీమా బి5ఎన్ రకపువి. ముగ్గురు కూర్చుండు పొడవైన గాజు కప్పు, లోనికి ముడుచుకొను చక్రములు వీని గుర్తులు. ముడుచుకొనని చక్రములకు తొడుగులు గల ఐచి డైవ్‌బాంబరు చిత్రమును విశాఖపై దాడి చేసిన విమానమని వేసినచో, నగుమో దళమే విశాఖకు వచ్చినదను తప్పు చరిత్రకు సాక్ష్యము పుట్టును. జపాను విమానమన్న ప్రతిదానిని జీరో అనుటయు నిట్టిదే. జీరో ఒక్కడు కూర్చుండు పోరాట విమానము. ఆనాడు మరణించినవారిని స్మరించు పుటలో వారిని చంపని విమానమును ముద్రించుట అనాదరము.

బెంగుళూరునందు 1940లో స్థాపింపబడిన హిందూస్థాన్ కర్మాగారమున పనిచేసిన తెలుగు కుటుంబములలో పాత ప్రతిమలు మిగిలియుండవచ్చును. అచ్చట యుద్ధానంతరము బాగుచేయబడిన నాలుగింజనుల లిబరేటరును కొందరు లాంకాస్టరని వ్రాయుదురు. రెంటికిని జంటతోకలే, కాని లిబరేటరు ముక్కు క్రింద చక్రముండును, లాంకాస్టరునకు తోక క్రింద నుండును. అట్టి ప్రతిమలు గలవారు అంచులు కత్తిరింపక, అట్ట వెనుకనున్న స్టూడియో ముద్రను, పెన్సిలు వ్రాతను కూడ నకలు తీయించి యుంచవలెను. విమానపు పేరు తేలనిచో ‘పేరు నిర్ణయింపబడలేదు’ అని వ్రాసి, చిత్రములో నిలుచున్న మనుష్యుల పేర్లను ఇంటి పెద్దలనడిగి ముందుగా వ్రాసికొనవలెను.