మూలమట్టం కలిసిన లెక్క

షికాగోకి ఉత్తరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున ఎవాన్‌స్టన్ అనే ఊరుంది. అక్కడి ప్రభుత్వ హైస్కూలు ఎవాన్‌స్టన్ టౌన్‌షిప్ హైస్కూల్. 1883లో మొదలైంది. దాదాపు మూడున్నర వేల మంది పిల్లలు ఒకే కప్పు కింద చదువుకుంటారు. లోపల ప్లానెటేరియం ఉంది. పిల్లలే రాసి, పిల్లలే ఆడి పాడే యామో అనే ప్రదర్శన 1950ల నుంచీ నడుస్తోంది. ఆటల జట్ల పేరు వైల్డ్‌కిట్స్. ఒక్కొక్కటీ ఒక్కో వ్యాసానికి సరిపోయే సంగతే. నా మనసు మాత్రం ఒక లెక్కల క్లాసు దగ్గర నిలిచిపోయింది.

ఆ క్లాసు పేరు జామెట్రీ ఇన్ కన్‌స్ట్రక్షన్. కొలరాడోలోని లవ్‌ల్యాండ్ హైస్కూల్లో పుట్టిన ఈ పాఠాన్ని ఎవాన్‌స్టన్ వాళ్లు 2013లో తెచ్చుకున్నారు. లెక్కల మాస్టారు, నిర్మాణం నేర్పే మాస్టారు కలిసి చెబుతారు. త్రిభుజాలు, కోణాలు, నిరూపణలు అన్నీ మామూలు జామెట్రీలో ఉన్నవే. తేడా ఒక్కటే: ఏడాది తిరిగేసరికి బడి ఆవరణలో ఒక నిజమైన ఇల్లు లేవాలి.

ఇల్లంటే చెక్క ఇల్లు. బరువైన దూలాల బదులు సన్నటి చెక్కలూ మేకులతో ఇల్లు లేపే పద్ధతి 1830లలో ప్రబలింది షికాగోలోనే. ఈనాటి అమెరికా ఇళ్లలో చాలావాటిది ఆ వంశమే. గోడను నేలమీద పడుకోబెట్టి కట్టి, ఆ తర్వాత లేపి నిలబెడతారు. నిలువు చెక్కలు పదహారు అంగుళాలకొకటి. కొత్తవాడు ఇక్కడే దొరికిపోతాడు. రెండు చెక్కల మధ్య ఖాళీ పదహారు అంగుళాలని కొలుస్తాడు. కొలవాల్సింది ఒక చెక్క నడిమి నుంచి మరో చెక్క నడిమికి. చెక్క మందం ఒకటిన్నర అంగుళం, కాబట్టి ఒక్కో చెక్కకీ ఒకటిన్నర అంగుళం జరుగుతూ పోతుంది. మూడు చెక్కలు దాటేసరికి నలభై ఎనిమిది దగ్గర ఉండాల్సింది యాభై రెండున్నర దగ్గరుంటుంది. పైన బిగించే పలక వెడల్పు సరిగ్గా నలభై ఎనిమిది. దాని అంచు చెక్క మీద వాలకుండా గాలిలో వేలాడుతుంది. మేకు కొట్టడానికి చోటుండదు. ఎర్రసిరా అక్కర్లేకుండానే తప్పు కళ్లముందు కనబడుతుంది. మేకులు ఊడబీకి మళ్లీ మొదలు.

తర్వాత మూలమట్టం. ఎనిమిదడుగుల ఎత్తు, పన్నెండడుగుల పొడవు గోడ అనుకోండి. ఎదురుబొదురు అంచులు సమానంగా ఉన్నంత మాత్రాన మూలలు లంబకోణంలో ఉన్నాయని నమ్మడానికి లేదు. గోడ ఒక పక్కకి వాలి ఉండొచ్చు. అందుకే ఇద్దరు పిల్లలు ఐమూలగా టేపు పడతారు. ఒక కర్ణం, ఆపైన రెండోది. రెండూ పద్నాలుగడుగుల అయిదు అంగుళాలు, దానిమీద అంగుళంలో పదహారో వంతు రావాలి. ఒకటి పొడుగొస్తే ఆ మూలను సుత్తితో చిన్నగా తట్టి మళ్లీ కొలుస్తారు. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం అని మనమంతా బట్టీ పట్టిన వాక్యం ఇదే.

వాసాల పనైతే ఇంకా ముచ్చట. ఇంటి వెడల్పు ఇరవై నాలుగు అడుగులు, పన్నెండంగుళాలకి ఆరంగుళాలు లేచే వాలు అనుకుందాం. సగం వెడల్పు పన్నెండు, ఎత్తు ఆరు. వర్గాలు కూడితే నూట ఎనభై. వాసం పొడవు పదమూడడుగుల అయిదంగుళాలు. అంతటితో అయిపోదు. కొప్పు దగ్గరి పట్టె మందంలో సగం తగ్గించాలి. గోడ మీద కూర్చునే చోట వాసానికి గంటు కొట్టాలి. దాన్ని అక్కడి వడ్రంగులు బర్డ్స్ మౌత్ అంటారు, పిట్టనోరు. దాని ఒక అంచు నిలువు, రెండోది అడ్డం. ఆ కోణం తప్పితే వాసం గోడ మీద ఒదిగి కూర్చోదు. పైథాగరస్ నుంచి పిట్టనోరు దాకా దారి వేసిన ఈ పాఠాన్ని అల్లినవాళ్ల పనితనం నాకు గొప్పగా తోస్తుంది. ఏ సూత్రం ఏ చెక్క దగ్గర అవసరపడుతుందో చూసి, ఆ చెక్క చేతికొచ్చే వేళకే ఆ సూత్రం చెప్పడం చిన్న పనేం కాదు. దానికి రెండు చదువులూ తెలిసినవాళ్లు ఒకరి పని ఒకరు గౌరవించుకోవాలి.

మన మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు దారం పట్టుకుని మూడు, నాలుగు, అయిదు కొలవడం నేను చూశాను. అదే సిద్ధాంతాన్ని పదో తరగతి పిల్లాడు పరీక్ష కోసం వల్లె వేస్తాడు. పక్క వీధిలోనే ఉన్న ఈ ఇద్దరినీ మన బడులు ఇంతవరకు ఒకరికొకరిని పరిచయం చేయలేదు. లెక్కల ఉపాధ్యాయులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క పూట మేస్త్రీని క్లాసుకి పిలవండి. దారం ఆయనే తెచ్చుకుంటాడు.

ఇక ఎవాన్‌స్టన్ ఇంటి మాట. ఏడాది చివర దాన్ని లేపి, పెద్ద ట్రైలర్ మీద ఊళ్లోని స్థలానికి తరలిస్తారు. ఇళ్ల ధరలు కొండెక్కిన ఊరది. అందుకే ఆ ఇంటిని తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి అందుబాటు ధరకి ఇస్తారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు కొలిచి, కోసి, మేకులు కొట్టిన ఆ గోడల మధ్య ఇప్పుడు కుటుంబాలు కాపురముంటున్నాయి.