తంబురాకు ప్రాణం పోసే నూలుపోగు

ఆదోని, ఎమ్మిగనూరు సీమలో ఇంట ఉంచుకొని ఏళ్ల తరబడి చెవితో చెలిమి చేయదగిన తీగవాద్యమంటే ముందుగా చెప్పవలసినది తంబురానే. తుంగభద్రా తీరాన చీకలపర్విలో పుట్టిన హరిదాసు విజయదాసు (1682–1755) కన్నుమూసిన చిప్పగిరి ఆదోనికి దక్షిణానే ఉంది. 1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉన్నందున హరిదాసులు పాడిన కన్నడ దాసపదాలు ఇక్కడివారికి పరాయివి కాలేదు. ఆ పదాలకు శ్రుతి పట్టేది తంబురా.

గిటారులో మెట్ల మీద తీగను నొక్కి స్వరాలు పుట్టిస్తారు. తంబురాకు మెట్లే ఉండవు. దాని నాలుగు తీగల్లో మొదటిది పంచమం, నడిమి రెండూ సారణి, అనుసారణి అనే షడ్జాలు, చివరిది మంద్రషడ్జం. మధ్యవేలితో పంచమాన్ని, చూపుడువేలితో తక్కిన మూడింటిని ఒకదాని నాదం ఆరకముందే మరొకటి అందుకొనేలా మృదువుగా మీటాలి. చూడడానికి ఇది చాలా సులువు. అయితే గంటసేపు ఒకే నడకతో మీటగలిగినవారు నిజానికి కొద్దిమందే.

ఈ వాద్యపు అసలు రహస్యం గుర్రంలో, అంటే తీగలను మోసే వంతెనలో ఉంది. గిటారు వంతెన తీగను ఒక అంచున గట్టిగా పట్టి ఉంచితే, తంబురా గుర్రం పైభాగం వెడల్పుగా, కాస్త వంపుగా ఉండి, కంపించే తీగ దాన్ని తాకుతూ విడుస్తూ ఉంటుంది. ఆ తాకిడి సరైన చోట మొదలయ్యేందుకు తీగకూ గుర్రానికీ నడుమ ఒక సన్నని నూలుపోగును దూర్చి వెంట్రుకవాసి చొప్పున జరుపుతారు. దాని పేరే ‘జీవ’. పోగు సరైన చోట కుదరగానే, అంతవరకు పొడిగా పలికిన తీగ నుండి అనుస్వరాలు, అంటే మూలస్వరంతో పాటు తీగలోనే పుట్టే సన్నని పైస్వరాలు, ఒకదాని వెంట ఒకటి పొంగివస్తాయి. తీగను మీటిన బిందువు వద్ద కదలిక లేని అనుస్వరాలు పలకకూడదన్న యంగ్ సూత్రం తంబురాలోనూ వీణలోనూ చెల్లదని సి.వి.రామన్ 1921లోనే వివరించారు. శ్రుతి నిండుగా కుదిరిన తంబురాలో ఏ తీగకూ కట్టని అంతరగాంధారమనే స్వరం స్పష్టంగా వినిపిస్తుంది. మూలస్వరాన్ని మొదటిదిగా లెక్కిస్తే మంద్రషడ్జపు అయిదవ అనుస్వరమే అది. దాన్ని పట్టుకోవడం నేర్చిన చెవికి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఎంత ఖచ్చితంగా మోగినా చప్పగానే తోస్తుంది.

తంబురా సొంతదారు పనులు చిన్నవే గాని ఎడతెగనివి. దక్షిణాదిన కుండను ఎక్కువగా పనసచెక్కతో తొలుస్తారు. చెక్క ఈ సీమ ఎండలకు కుంచించుకొని, వానగాలికి ఉబ్బుతుంది కనుక తీగలను బిగించే బిరడలు జారుతాయి. కాస్త సుద్దపొడి రాస్తే నిలుస్తాయి. బిరడలతో శ్రుతిని దగ్గరకు తెచ్చాక, గుర్రం వెనుక తీగల మీది పూసలను జరిపి తుది మెరుగు దిద్దుతారు. శ్రుతి మార్చినప్పుడల్లా జీవను మళ్లీ వెతుక్కోవలసిందే, ఆ చోటు ప్రతి వాద్యంలోనూ వేరు కనుక. నలిగిన పోగు స్థానంలో కొత్తది వేయడానికి పత్తి బజారుకు పేరుపొందిన ఆదోనిలో, 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఎమ్మిగనూరులో వెతుకులాట అక్కరలేదు. మగ్గం కింద తెగిపడిన జానెడు నూలు నాలుగు తీగలకూ సరిపోతుంది.