రాగినాణెముల దోషములు – పాఠనిర్ణయము

పాతరాగినాణెములపై లేఖములను చదివి ప్రకటించువారిలో పలువురు, కనఁబడిన ప్రతి గీతను అక్షరభాగముగాఁ గొనుచున్నారు. తాళపత్రప్రతిని పరిష్కరించు పండితుఁడు లేఖకుని తప్పును, పురుగు తొలిచిన రంధ్రమును ఒక్కటిగాఁ జూడఁడు. నాణెములు చదువువారికిని ఆ వివేకమే కావలసియున్నది. కమ్మటమున పుట్టిన దోషమెయ్యది, కమ్మటము విడిచిన పిదప తగిలిన గాయమెయ్యది యని తేల్పక చేసిన పాఠము చరిత్రకు ఆధారము కాఁజాలదు.

చేతియచ్చుపద్ధతిలో బిళ్లను క్రిందియచ్చుపై నుంచి, పైయచ్చును దానిపై నిలిపి సమ్మెటతోఁ గొట్టెడివారు. బిళ్ల సరిగా కుదురనిచో ముద్ర యొక ప్రక్కకు ఒరుగును. రెండవదెబ్బ పడులోపల బిళ్ల కదలెనా, అక్షరము జంటయగును. అట్టి జంటగీతను ద్విత్వముగానో వత్తుగానో చదువుట సులభమైన పొరపాటు. అక్షరముతోఁబాటు అంచునందలి చుక్కలవరుసయు, ప్రక్కబొమ్మయు అదే తీరున జరిగియున్నచో అది రెండవదెబ్బయే కాని వత్తు కాదు. ఒక్కొక్కప్పుడు ముందటి నాణెము పైయచ్చునకు అంటుకొని నిలిచిపోవును. అప్పుడు తరువాతి బిళ్లకు ఒకవైపు సరియైన ముద్రయు, రెండవవైపు ఆ ముద్రయే గుంటగా, అద్దములో వలె తారుమారుగను పడును. ఇందు క్రొత్తలిపిని వెదకఁబనిలేదు.

పాతముద్రపై క్రొత్తముద్ర వేయించుట మాత్రము దోషము కాదు, బుద్ధిపూర్వకము. 1906లో నాసిక్ మండలమునందలి జోగళ్‌తెంబిలో దొరకిన నహపానుని నాణెములలో 9,000కు పైగా గౌతమీపుత్రశాతకర్ణి తన ముద్రను మరల వేయించినవే. అవి వెండివి యైనను, రెండు ముద్రలను వేఱుపఱచి చదువవలయుననుట రాగికిని చెల్లును.

అచ్చు పగిలినచో దెబ్బకు లోహము ఆ పగులులోనికి చొచ్చి నాణెముపై ఉబ్బెత్తుగీతగా నిలుచును. తరువాత కత్తిమొనయో రాయియో గీచినది లోతుగా నుండును. పగులుగీత ఆ యచ్చునుండి పిమ్మట వచ్చిన నాణెములన్నిటను అదేచోట కానవచ్చును. గీఁత యొక్కదానికే పరిమితము. కావున ఒక్క నాణెమును చేతఁబట్టుకొని క్రొత్త యక్షరమును ప్రకటించుట సాహసము. అక్షరలోపమును నిట్లే పరీక్షింపవలెను. అరుగుదల ఉబ్బెత్తుభాగములనెల్ల తాఁకును. అచ్చులో మడ్డి చేరినచో ఒక్క యక్షరమే పుట్టక, ప్రక్కవి పదునుగా నుండును.

ఈ విచారము లేకుండుటవలని నష్టము విజయనగరనాణెములయందు స్పష్టము. కృష్ణదేవరాయల రాగినాణెములపై ఒకవైపు గరుడుఁడును, రెండవవైపు నాగరిలో మూఁడు పంక్తులుగా శ్రీ ప్రతాప కృష్ణరాయ యనియు నుండును. బిళ్లకంటె అచ్చు పెద్దదగుటచే పేరు అంచుదాఁటిపోయి ‘ప్రతాప’ మాత్రమే మిగిలినవి కలవు. గరుడుని చూచినంతనే వానిని రాయలకు కట్టఁబెట్టుట తగదు. ‘ప్రతాప’ శబ్దము దేవరాయల నాణెములపైనను ఉన్నది; గరుడుఁడును ఒక్క కృష్ణరాయల సొత్తు కాఁడు. పూర్ణముద్రగల మరియొక నాణెమునుండి పాఠమును పూరింపవచ్చును, కాని పూరించితిమని తెలుపవలయును. చేతితో గీసిన పటములలో ఈ యపరాధము మిక్కిలి హెచ్చు. పోయిన యక్షరము ఉన్న యక్షరమంత నల్లగా దిగును. తరువాతివాఁడు దానినే ప్రమాణముగాఁ జేకొనును.

యంత్రముద్రలో చిక్కు వేఱు. చెన్నపురి రాజధానికొఱకు ఈస్టిండియా కంపెనీవారు 1808 సంవత్సరాంకముతో పది కాసుల, ఇరువది కాసుల రాగినాణెములను బర్మింగ్‌హాము చెంతనున్న సోహో టంకశాలలో ఆవిరియంత్రముచేఁ గొట్టించిరి. వానిని మోసికొనివచ్చుచున్న అడ్మిరల్ గార్డనర్ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు ఆగ్నేయతీరమున గుడ్విన్ ఇసుకదిబ్బలయొద్ద మునిఁగెను. 1980 దశకమున వెలికిఁదీసిన వానిలో కొన్ని క్రొత్తవానివలె నుండఁగా, కొన్నిటి పారసీయక్షరములు ఉప్పునీటికి తినఁబడియున్నవి. వీనిని చూచి దెబ్బ చాలలేదని టంకశాలను నిందించుట న్యాయము కాదు. దెబ్బ చాలనిచోట అక్షరము తక్కువైనను నాణెపునేల నునుపు చెడదు. ఉప్పు తిన్నచోట నేలయు నక్షరమును కలిసి గుంటలుపడును.

ఇఁక మనుష్యులు చేయు గాయమొకటి. నాణెము దొరకినదే తడవుగా చింతపండుతో తోమి మెఱయించుట పల్లెలలోనే కాదు, చదువుకొన్నవారి యిండ్లలోను కలదు. గట్టిగా పట్టిన పచ్చని పొర చూపునకు మురికిగాఁ దోఁచినను, అక్షరపుటంచు ఆ పొరయందే నిలిచియుండవచ్చును. పులుపుతో అదియు పోవును. పాలిపోయిన పచ్చని పొడిగా రాలు చిలుము వేఱు. అది క్లోరైడు లవణమువలన పుట్టి, తేమ తగిలినకొలఁది లోహమును తినుచుండును. అట్టిదానిని తడి తగులనీయక వేఱుగా నుంచి నేర్పరికి అప్పగింపవలయును. తోమిన నాణెమును ప్రకటించువారు తోమినట్లు చెప్పుట మిక్కిలి యరుదు. తోమకముందటి ఛాయాచిత్రమును, తూనికయు లేనిచోట, సందిగ్ధాక్షరము ప్రక్కన ప్రశ్నార్థకచిహ్నమైన నుంచుట యుక్తము.