అస్లాం ఖాన్ ఎందుకు రాలేదు?

రెండో భాగం అంటే మాకు భయం. మొదటి భాగంలో మేం ఉంటాం. గుర్రమెక్కి వస్తాం, కత్తి తిప్పుతాం, మాట ఇస్తాం. రెండో భాగం మొదలయ్యేసరికి మా కుర్చీ ఉండదు. ఎవరు తీశారో చెప్పరు, ఎందుకు తీశారో చెప్పరు. అడిగితే 'ప్రతిదాన్నీ మతం కళ్ళతో చూస్తారేం?' అంటారు. ఈ మాట అనేవాళ్ళలో మా మంచి కోరే సెక్యులర్ మిత్రులు కూడా ఉన్నారు. అందుకని కాస్త వివరంగానే మాట్లాడుకుందాం. ముందు కథను కథగానే చూద్దాం.

'బాహుబలి' మొదటి భాగం 2015 జూలైలో వచ్చింది. అందులో అస్లాం ఖాన్ అనే పరదేశి ఆయుధాలు అమ్మడానికి మాహిష్మతికి వస్తాడు. కన్నడ నటుడు సుదీప్ వేశాడు. కట్టప్పతో కత్తి కలుపుతాడు. ఓడిపోతాడు. ఓడినందుకు కుళ్ళుకోడు, గెలిచినవాడి చెయ్యిని మెచ్చుకుంటాడు. ఇంతటి వీరుడు బానిసా అని బాధపడి, వెలకట్టి విడిపిస్తానంటాడు. కట్టప్ప తన తాతతండ్రుల ప్రమాణం అడ్డమని చెబుతాడు. అప్పుడు అస్లాం ఖాన్ ఎప్పుడైనా అవసరం పడితే కబురు చెయ్యి, వస్తానని మాట ఇచ్చి వెళ్ళిపోతాడు. ఆ సీను అయిదారు నిమిషాలకు మించదు. కానీ ఏలూరు, తాడేపల్లిగూడెం హాళ్ళలో మా కుర్రాళ్ళు ఆ సీనుకి ఎందుకు ఈలలేశారో మాకు తెలుసు. తెలుగు తెరమీద టోపీ పెట్టుకుని బాంబు పెట్టనివాడు, బిర్యానీ వడ్డించనివాడు, హీరోకోసం చివరి రీల్లో తూటాకి అడ్డంపడి చావనివాడు ఒకడు కనిపించాడు. మా ఏలూరు తివాచీల మొదటి నేతగాళ్ళు పారశీకం నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. సరుకుతో వచ్చి స్నేహం చేసిన పరదేశి ఈ ఊరికి కొత్తవాడేం కాదు.

2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది. అస్లాం ఖాన్ రాలేదు.

కథ ప్రకారం చూసినా అతను రావాల్సిన చోటు ఉంది. భల్లాలదేవుడి కోట మీదికి కట్టప్ప వెళుతున్నాడు. పక్కన ఉన్నది కొద్దిపాటి సైన్యం, పల్లెజనం. ఆయుధాలు చాలవు. స్నేహితుడు ఆయుధాల వర్తకుడు, వస్తానని మాటిచ్చాడు. ఇంతకంటే పెద్ద అవసరం ఇంకేం కావాలి? కోటగోడ దాటడానికి తాటిచెట్లను వంచి మనుషుల్ని విసిరారు. తాటిచెట్లు వచ్చాయి, అస్లాం ఖాన్ రాలేదు.

ఇక్కడ మిత్రులు చెప్పే సమాధానాలు మాకు తెలుసు. అది అతిథి పాత్ర. నిడివి పెరిగిపోతుంది. పెద్ద నటుడి తేదీలు దొరకాలి. ఇవన్నీ నిజమే కావచ్చు, దర్శకుడికి ద్వేషం ఉందని మేం అనడం లేదు. మా గొడవ వేరు. ఆ కథ మొత్తం నడిచేది మాట మీద. తాత ఇచ్చిన మాటకోసం కట్టప్ప కన్నబిడ్డలాంటివాడి వెన్నులో కత్తి దించాడు. ఆ లోకంలో మాట తప్పడం కంటే నీచం లేదు. అలాంటి లోకంలో వస్తానని చెప్పి రానివాడు ఒక్కడే మిగిలాడు. అతను ఖాన్. కథకుడు మరిచిపోయిన బాకీ పాత్ర నెత్తిన పడింది. సంభాషణ ఒకటి చాలు, 'ఖాన్‌కి కబురందలేదు' అని. అదీ దండగనుకున్నారు.

పక్కమాట ఒకటి. 1993లో వచ్చిన 'మనీ'లో ఖాన్ దాదాగా బ్రహ్మానందం నవ్వించాడు. 1995లో 'మనీ మనీ' తీసినప్పుడు ఖాన్ దాదాను మరిచిపోలేదు. నవ్వించే ఖాన్‌కి రెండో భాగంలో చోటు దొరుకుతుంది. నిలబడి సమానంగా మాట్లాడిన ఖాన్‌కే దొరకదు.

అస్లాం ఖాన్ ఏడని అడిగిన కుర్రాళ్ళు అంతకు కొన్నేళ్ళముందు ఇంకొకడి గురించీ ఇలాగే అడిగారు. సినిమాలో కాదు, వీడియో ఆటలో. మాలో పెద్దవాళ్ళకి ఆటలో కథేంటి అనిపిస్తుంది. గంటకింతని డబ్బు కట్టించుకునే గేమ్ సెంటర్లలో, చేతులు మారిన కాపీ డిస్కుల్లో మా పిల్లలు చదువుకున్న నవలలు అవే. మేం ఉర్దూలో చదివి తెలుగులో రాసేవాళ్ళం. వాళ్ళు ఉర్దూ చదవలేరు, తెలుగు నవల ముట్టరు. వాళ్ళకి ఆటే దాస్తాన్.

ఆ ఆట పేరు 'అసాసిన్స్ క్రీడ్'. 2007లో యూబీసాఫ్ట్ కంపెనీ కెనడాలోని మాంట్రియల్‌లో తయారుచేసింది. కాలం 1191, మూడో క్రూసేడు. ఊళ్ళు డమాస్కస్, ఏకర్, జెరూసలేం. నాయకుడు అల్తాయిర్ ఇబ్న్ లా అహద్. తండ్రి ముస్లిం, తల్లి క్రైస్తవురాలు. తనకంటూ ఏ మతం మీదా గట్టి నమ్మకం లేదు, అన్నింటినీ ప్రశ్నిస్తాడు. అల్తాయిర్ అంటే ఎగిరేవాడు. ఇబ్న్ లా అహద్ అంటే ఎవరి కొడుకూ కానివాడు. ఈ పేరు అర్థం చెప్పినప్పుడు మా కుర్రాళ్ళు నవ్వలేదు. 2001 తర్వాత ప్రపంచమంతా అరబ్బుముఖం కనిపిస్తే తుపాకీ గురిపెట్టే ఆటలు ఆడుతుంటే, ఇందులో ఆటగాడు అరబ్బుపేరు తొడుక్కుని అరబ్బువీధుల్లో నడిచాడు. మీనార్ ఎక్కి ఊరంతా చూశాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాలు మోసేవాడి కొడుక్కి అది ఎంతో మాకు తెలుసు.

2009 నవంబరులో రెండో ఆట వచ్చింది. నాయకుడు మారాడు. ఎజియో ఆడిటోరే, ఇటలీలో ఫ్లారెన్సు నగరం, ధనవంతుల కొడుకు. కాలం 15వ శతాబ్దానికి జరిగింది. అల్తాయిర్ ఒక కలలాంటి చిన్న ఘట్టంలో కనబడి మాయమవుతాడు. అదే నెలలో అతని కథ కొనసాగింపు 'బ్లడ్‌లైన్స్' పేరుతో చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న యంత్రం మీద వచ్చింది. పెద్ద యంత్రంలో ఎజియో, చిన్న యంత్రంలో అల్తాయిర్. వెళ్ళగొట్టలేదు, చిన్నింటికి మార్చారు.

దీనికి ఆట తయారీలోనే ఒక న్యాయమైన కారణం ఉంది, అది ఒప్పుకోవాలి. ఆటగాడు తెలియనివాడిగా మొదలై నేర్చుకుంటూ పెరగాలి. మొదటి ఆట ముగిసేసరికి అల్తాయిర్ గురువునే ఓడించాడు. అన్నీ వచ్చినవాడికి రెండోసారి ఏం నేర్పుతారు? ఎజియో 17 ఏళ్ళ కుర్రాడు, ఆకతాయి. తండ్రినీ అన్నదమ్ముల్నీ ఉరితీస్తే బతుకు అర్థమవుతుంది. ఆటగా అది మొదటిదానికంటే మెరుగైనదే. ఎజియోని మా కుర్రాళ్ళూ ప్రేమించారు. కాబట్టి మా ప్రశ్న ఎందుకు పక్కన పెట్టారని కాదు. పక్కన పెట్టి ఏం మిగుల్చుకున్నారని.

ఏం మిగిలిందో చూడండి. అల్తాయిర్ రాసిన 30 కాగితాలు. వాటిని ఇటలీ అంతా వెతికి ఎజియో పోగుచేస్తాడు. అవి చదివి విడమరిచేది ఎవరు? లియొనార్డో డావిన్సీ. అల్తాయిర్ గీసిన బొమ్మల్ని చూసి కొత్త ఆయుధాలు చేసిపెడతాడు. ఇంకా ఏం మిగిలింది? అల్తాయిర్ కవచం. ఆ ఆటలో అన్ని కవచాలూ దెబ్బతింటాయి, మరమ్మతు కావాలి. ఇది ఒక్కటే చెడదు. అంటే మనిషి అక్కర్లేదు. అతని తెలివి కావాలి, అతని ఇనుము కావాలి. ఎజియో వాటిని వేసుకుని తిరుగుతాడు. అరబ్బుల గణితం, వైద్యం లాటిన్‌లోకి వెళ్ళి యూరపు సొత్తయిన కథను ఆట తయారుచేసినవాళ్ళు తెలిసి చెప్పారో తెలియక చెప్పారో కానీ, ఇంత సూటిగా చెప్పిన పుస్తకం మేం తక్కువ చూశాం.

చేసినవాడు పోయి చేసింది మిగలడం కొల్లేటి జనానికి తెలియని సంగతి కాదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ ఉప్పుటేరుకో కథ ఉంది. కొల్లేటికోటలో ఒరియా సేనాని ఉన్నాడట. ఒక కథనంలో అతన్ని ముట్టడించినవాళ్ళు ముస్లిం సైన్యం, సరస్సు దాటలేక నీళ్ళు సముద్రంలోకి దించెయ్యాలని ఏరు తవ్వించింది వాళ్ళే. సేనాని గెలుపుకోసం తన కూతుర్నే బలిచ్చాడంటారు. ఆ అమ్మాయి పేరంటాలైంది, ఆమె పేరు మీద ఆ కాలువకి పేరంటాళ్ళ కనమ అనే పేరూ ఉంది. సేనాని కథలో నిలిచాడు. తవ్వినవాళ్ళు? శత్రువులుగా వచ్చారు, కథ రెండో సగంలో లేరు. అది కట్టుకథే, చరిత్ర కాదు. కానీ కట్టుకథ ఎవర్ని గుర్తుంచుకుంటుందో చూడాలి కదా.

పక్కన పెట్టడమే పాపమని మేం అంటే మా సొంత దాస్తాన్ మమ్మల్ని ఎగతాళి చేస్తుంది. దాస్తానె అమీర్ హంజా ఈ నేలకి పరాయిది కాదు. 17వ శతాబ్దపు మొదట్లో, కుతుబ్‌షాహీల హైదరాబాదులో హాజీ హమదానీ అనే కథకుడు దానికొక పారశీక ప్రతి తయారుచేశాడు. 19వ శతాబ్దం చివర్లో లక్నో నవల్ కిశోర్ ప్రెస్ ఉర్దూలో అచ్చు మొదలుపెడితే 46 సంపుటాలైంది. అందులో అందరూ ప్రాణం పెట్టేది 'తిలిస్మె హోష్‌రుబా'. మొహమ్మద్ హుసేన్ జాహ్ 1883లో మొదలుపెట్టి నాలుగు సంపుటాలు రాశాడు, తర్వాతివి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశాడు. మరి ఆ హోష్‌రుబాలో అమీర్ హంజా ఎక్కడ? డేరాలో. మాయాలోకాన్ని జయించాల్సింది మనవడు అసద్. ఆ అసద్ కూడా తొందరగానే చిక్కిపోతాడు. అసలు పనంతా చేసేది అమర్ అయ్యార్. జంబీల్ సంచీ భుజాన వేసుకుని, కనిపించకుండా చేసే కంబళి కప్పుకుని, మాంత్రికుల కొంపలు కూల్చేది వాడే.

హంజాను ఎందుకు కూర్చోబెట్టారు? ఆయనకి ఇస్మె ఆజం వచ్చు. ఆ నామం పలికితే ఏ మాయా నిలవదు. ఆయన లోపలికి వెళితే వేల పేజీల కథ ఒక సాయంత్రంలో అయిపోతుంది. అల్తాయిర్ చిక్కే ఇది. కానీ దాస్తాన్ చెప్పేవాడు చేసిన పని చూడండి. అసద్ వెళ్ళేది హంజా పంపితే. అమర్ కదిలేది హంజా సెలవిస్తే. కథ మాటిమాటికీ ఆ డేరాకి తిరిగొస్తుంది. అక్కడ ఆయన ఏం చేస్తున్నాడు, ఎవరితో పోరుతున్నాడు, ఎవరికోసం దిగులుపడుతున్నాడు అన్నీ చెబుతుంది. చౌరస్తాలో కూర్చున్న శ్రోత 'హంజా ఏడి మియా?' అని అడిగేలోపు చెప్పాలి. లేకపోతే మర్నాడు జనం రారు. శ్రోతకి భయపడ్డ కథకుడు వాడు.

మహాభారతం కూడా అంతే. మౌసలపర్వంలో అర్జునుడికి గాండీవం లొంగదు. ద్వారక ఆడవాళ్ళని దొంగలు ఎత్తుకుపోతుంటే చూస్తూ నిలబడతాడు. అంతటివాడికి అది ఎంత అవమానం! కానీ కథ అతన్ని వదలదు. ఎందుకు లొంగలేదో వ్యాసుడి చేత చెప్పిస్తుంది. కొండలెక్కి పడిపోయేదాకా వెంట నడుస్తుంది. దించడం వేరు, దులిపేసుకోవడం వేరు. మిత్రులు మాకు మతం కళ్ళున్నాయన్నప్పుడు ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడమంటాం.

ఆట చేసినవాళ్ళని మాత్రం ఒకందుకు మెచ్చుకోవాలి. ఆటగాళ్ళు అడుగుతూనే ఉన్నారు, వాళ్ళు విన్నారు. 2011లో 'రెవలేషన్స్' అనే ఆటలో జుట్టు నెరిసిన ఎజియో ఇస్తాంబుల్ వెళ్ళి, అక్కణ్ణించి మస్యాఫ్ కోటలో అల్తాయిర్ మూసిన గ్రంథాలయం తలుపు తెరుస్తాడు. మధ్యమధ్య ఆటగాడు మళ్ళీ అల్తాయిర్ అవుతాడు. యువకుడిగా, తండ్రిగా, కొడుకుని పోగొట్టుకున్నవాడిగా, 90 దాటిన ముసలివాడిగా. చివరి ఘట్టంలో యుద్ధం లేదు. ముసలి అల్తాయిర్‌ని నెమ్మదిగా నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాలి, అంతే. కళ్ళు మూసుకుంటాడు. ఎజియో లోపలికి వెళ్ళేసరికి ఆ కుర్చీలో ఎముకలున్నాయి. మొత్తం వరసలో అంత నిశ్శబ్దమైన చోటు ఇంకొకటి లేదని మా అభిప్రాయం. ఆలస్యంగానైనా లెక్క అప్పజెప్పారు.

2023లో 'మిరాజ్' వచ్చింది. 9వ శతాబ్దపు బగ్దాదు, బాసిం అనే దొంగపిల్లవాడు నాయకుడు. ఈ బాసిం 2020 నాటి 'వల్హాలా' ఆటలో వైకింగు వీరుల పక్కన తిరిగి చివరికి ద్రోహి అయినవాడు. అనుబంధంగా వెయ్యాలనుకున్న ముక్కని పెంచి విడి ఆట చేశారు, అందుకే చిన్నది. అయినా ఒకటి గమనించాం. 2007లో అల్తాయిర్ అరబ్బుపేరు పెట్టుకుని అమెరికా యాసలో మాట్లాడాడు. 2011లో ఆ గొంతు మార్చారు. 'మిరాజ్'లో మొదలుపెట్టేటప్పుడే భాష ఎంచుకోమంటుంది, ఆ వరసలో అరబ్బీ కూడా ఉంది. మా పేటలో ఒక కుర్రాడు అదే పెట్టుకుని ఆడాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా.