కంట్రోలరు నిలబడే చోటు

వినాయక నిమజ్జనం రోజు హైదరాబాద్‌లో మా గన్‌ఫౌండ్రీ మీద సిటీ బస్సు కనిపించదు. ఊరేగింపు మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్ దాటి బషీర్‌బాగ్ మీదుగా ట్యాంక్‌బండ్‌కు పోతుంది కాబట్టి బస్సుల్ని ముందే మళ్లిస్తారు. ఎక్కడ మళ్లించాలో కాగితం మీద ఉంటుంది. పోలీసులు ఉన్నట్టుండి ఇంకో సందు మూసేస్తే బస్సును ఎక్కడ ఆపాలో, దిగినవాళ్లను ఎటు వెళ్లమనాలో మాత్రం అందులో ఉండదు. రోడ్డు మీద నిలబడ్డ కంట్రోలరే అప్పటికప్పుడు తేల్చాలి. జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైతే రోజూ సాయంత్రం ఇదే పరీక్ష.

ప్రభుత్వ రవాణాలో నాయకత్వ శిక్షణ అంటే ఎవరికైనా పెద్ద అధికారులే గుర్తొస్తారు. వాళ్లకు పుణెలో 1967లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ ఉంది. మన ఊళ్లోనే బెల్లా విస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. రెండూ అవసరమైనవే. నేను చాలాకాలంగా పాఠాలు చెబుతున్నది మాత్రం ఆ కంట్రోలరు లాంటి సూపర్‌వైజర్లకు. బస్సు సంస్థ నడక వాళ్ల చేతుల్లోనే ఉందని నా గట్టి నమ్మకం.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైనప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. అంతమందినీ ఒక్క అధికారి పేరుపెట్టి పిలవగలడు. ఇవాళ ఆర్టీసీలో పనిచేసేవాళ్లు దాదాపు నలభై వేల మంది. పై అధికారి ఎంత మంచివాడైనా ఫలానా డ్రైవరు ఇంట్లో తల్లి మంచాన పడిందని ఆయనకు తెలిసే వీల్లేదు. తెలియాల్సింది డిపోలో డ్యూటీలు వేసే మనిషికి.

ఆ మనిషి నిన్నటిదాకా టిక్కెట్లు కొట్టినవాడే. రూట్లు, లెక్కలు అన్నీ వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఒకటే: నిన్న భుజం మీద చెయ్యేసి తిరిగిన స్నేహితుడు ఇవాళ లీవు అడిగితే, ఇవ్వలేనని చెప్పడం, అలా చెప్పినా అతను రేపు డ్యూటీకి మనస్ఫూర్తిగా వచ్చేలా చూసుకోవడం.

నా క్లాసులో నిర్వచనాలు చెప్పను. వాళ్ల డిపో డ్యూటీ చార్టే బల్ల మీద పెడతాను. “పొద్దున ఇద్దరు కండక్టర్లు రాలేదు. ఒకరికి జ్వరం, ఇంకొకరి బిడ్డకు పెళ్లిచూపులు. స్పేర్‌లో ఒక్కరే ఉన్నారు. ఏ బస్సు ఆపుతారు?” ఆదాయం తక్కువున్న బస్సు అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. ఆ బస్సు ఎవరెక్కుతారని అడుగుతాను. తెల్లవారుజామున ఉస్మానియా ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు, మార్కెట్‌కు కూరగాయలు తెచ్చేవాళ్లు. అప్పుడు మళ్లీ చార్టు మీదకు వంగుతారు. పది నిమిషాలకో బస్సున్న రూట్లో ఒక ట్రిప్పు తగ్గిస్తే సరిపోతుందని వాళ్లే కనిపెడతారు. నేను చెబితే రెండు రోజుల్లో మరిచిపోయేవాళ్లు.

తర్వాత లీవు సంగతి. క్లాసులోనే ఒకరు కండక్టరై అడగాలి, ఇంకొకరు సూపర్‌వైజరై కాదనాలి. ముందు కారణం పూర్తిగా వినాలి. ఇవ్వలేకపోతే ఎందుకో చెప్పాలి. ఎప్పుడిస్తారో తేదీ చెప్పి, ఆ తేదీన ఇచ్చి తీరాలి. ఈ చివరిది తప్పితే ముందు రెండూ చేసినా దండగే.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక మా పాఠాలూ మారాయి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే, కానీ ప్రతి ఒక్కరికీ జీరో టిక్కెట్ కొట్టాలి. ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టేది ఆ లెక్క మీదే. కాలు పెట్టే చోటు లేని బస్సులో ఆ పని చేసి, గొడవపడి, గొంతు పోయి దిగిన కండక్టరుతో మొదట మాట్లాడేది సూపర్‌వైజరే. ఆమెను సంజాయిషీ అడుగుతూ మొదలుపెడితే ఇక ఆమె నోరు విప్పదు. ఎక్కడ రద్దీ ఎక్కువైందో, ఏ స్టాపులో బస్సు చాలడం లేదో డిపోకు తెలిసే దారి అక్కడితో మూసుకుపోతుంది.

2019 ఆర్టీసీ సమ్మె గురించీ అడుగుతాను. అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగింది. నవంబరు 29న కార్మికులు డిపోలకు తిరిగొచ్చారు. రెండు నెలలుగా జీతాల్లేవు, తోటివాళ్లను పోగొట్టుకున్న బాధ ఉంది. “ఆ పొద్దున గేటు దగ్గర మీరుంటే మొదటి మాట ఏమంటారు?” క్రమశిక్షణ అన్నవాళ్లున్నారు, సంతకాల పుస్తకం అన్నవాళ్లున్నారు. ఒక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం లేచి, “‘ముందు చాయ్ తాగుదాం పా అన్నా, డ్యూటీ సంగతి తర్వాత జూద్దాం’ అంట సార్” అన్నాడు. ఆ బ్యాచ్‌కు ఆ రోజు నేను చెప్పాల్సింది ఇంకేమీ లేకపోయింది.

మా ఇంటికి దగ్గర్లోనే, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ దొర 18వ శతాబ్దం చివర ఫిరంగులు పోయించిన కార్ఖానా గోడలున్నాయి. ఫిరంగికి ఒకే మూస చాలు. ఆదిలాబాద్ డిపోకూ హైదరాబాద్ డిపోకూ ఒకే స్లైడ్లు చూపించి పంపే శిక్షణ నాకు ఆ పోతలాగే అనిపిస్తుంది. అడవి దారిలో నైట్‌హాల్ట్ బస్సు నడిపించేవాళ్ల కష్టం, ఆబిడ్స్ ట్రాఫిక్‌లో బస్సు తిప్పించేవాళ్ల కష్టం ఒకటి కావు.

నేనడిగేది రెండే. పదోన్నతి వచ్చిన కొన్నాళ్లకు కాదు, కుర్చీలో కూర్చోకముందే ఈ శిక్షణ ఇవ్వాలి. క్లాసు అయిపోయిన మూడు నెలలకు పాఠం చెప్పినవాళ్లే తెల్లవారుజామున డిపోకు వెళ్లి, మొదటి బస్సు కదిలేదాకా ఆ సూపర్‌వైజర్ పక్కన కూర్చోవాలి.